అరువు జవాబు

డ్వేన్ మాకి ఆ పటం తయారుచేయకముందు కూడా లోకం నడిచింది. ఎవరింట్లో ఇంటర్నెట్ పోతే వాళ్ళు టెలిఫోన్ సహకార సంఘానికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టేవారు. చీవాట్లు తిన్నవాళ్ళు నిచ్చెన వేసుకుని వెళ్ళి బాగుచేసి వచ్చేవారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఏడాదిలో సగం మంచులో కూరుకుపోయి ఉండే ఆ జిల్లాలో అంతకంటే ఎవరూ ఏమీ ఆశించలేదు.

పటం వచ్చాక చీవాట్లు తగ్గాయి, ఎందుకంటే ఫోన్ మోగేలోపే సంఘం వాళ్ళ కాపలా గదిలో విషయం తెలిసిపోయేది. ఇంటర్నెట్‌లో ప్రతి ఇంటికీ ఒక చిరునామా ఉంటుంది: చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. మొదటి సంఖ్యను డ్వేన్ పేట అన్నాడు. మిగిలిన మూడింటిని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నాడు. ఒక్కో చిరునామా దగ్గర ఒక్కో దీపం పెట్టి, ఆ మొత్తాన్నీ గోడంత తెర మీద నిలబెట్టాడు. యంత్రం క్షణానికోసారి ప్రతి ఇంటినీ ‘ఉన్నావా’ అని పలకరిస్తుంది. ‘ఉన్నా’ అని జవాబొస్తే దీపం వెలుగుతుంది, రాకపోతే ఆరిపోయి గంట మోగుతుంది. పిల్లలు ఆటలాడుకునే మీటలు చేతిలో పట్టుకుని ఆ దీపాల మధ్య నడవొచ్చు, పైకి లేవొచ్చు, ఎవరి గుమ్మం ముందైనా ఆగొచ్చు.

ఐలా కెట్టునెన్ కాపలా గదిలో అందరికంటే పాతది, అందరికంటే నోరున్నది. మొదటిరోజు తెర చూసి, “బొమ్మలాట ఆడుకోడానికి నీకు జీతమిస్తున్నారా మాకి?” అంది. నెల తిరిగేసరికి ఆమె చేతిలోంచి మీటలు లాక్కోవడం ఎవరి తరమూ కాలేదు. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, కిరాణా కొట్టులో ఎదురైన మనిషి పేరు గుర్తురాక ముందే, పై వరసలో ఎడమపక్క దీపం అని ఆమెకు స్ఫురించేది. నేల మీద సరస్సుకు చెరో ఒడ్డున ఉండే రెండిళ్ళు పటంలో గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఐలాకు నేల మీది దారులకంటే ఆ దారులే బాగా అలవాటయ్యాయి.

ఒక్కచోటికి మాత్రం ఆమె వెళ్ళేది కాదు. సంఘం వాళ్ళ దీపాలు చిన్న గుత్తి. దాని చుట్టూ ఎవరూ వాడని సంఖ్యల చీకటి. ఆ చీకటి అవతల ఎక్కడో పెద్ద కంపెనీల దీపాలు మబ్బులా కనబడతాయి. ఒకసారి సరదాగా ఆ చీకట్లోకి దూరం పోయి వెనక్కి తిరిగితే తమ గుత్తి కనిపించలేదు. కుర్చీ కుర్చీలాగే ఉంది, కాఫీ పక్కనే ఉంది, అయినా గుండె గుబేలుమంది. మీటలు డ్వేన్ చేతికిచ్చి, “నన్ను ఇంటికి తీసుకురా” అంది. అతడు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

ఫిబ్రవరిలో గడ్డకట్టే వాన పడింది. చెట్లు విరిగాయి, కరెంటు తీగలు తెగాయి, ఆ పైన మంచు ఆగకుండా కురిసింది. మధ్యాహ్నం నుంచి పటంలో దీపాలు ఆరడం మొదలైంది. పై అంతస్తులో ఓ మూల, కింద వరసలో ఇంకోచోట. ఎవరో లోపల తీరిగ్గా నడుస్తూ ఒక్కొక్కటీ నోటితో ఊదేస్తున్నట్టు ఉంది. గంట ఎడతెరిపి లేకుండా మోగింది.

“ఆ గంట ఆపు మాకి. చెవులు చిల్లులు పడుతున్నాయి.”

“ఆపితే ఎవరిల్లు పోయిందో ఎలా తెలుస్తుంది?”

“కళ్ళున్నాయిగా. చూడు.”

చూశారు. దీపం ఆరిందంటే ఇంట్లో కరెంటు లేదని, కరెంటు లేదంటే ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి ఆరిందని, పొయ్యి ఆరిందంటే ఆ చలిలో మనిషి ఎంతోసేపు ఆగడని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. జిల్లా పోలీసు అధికారి షెరిఫ్ మనుషులు మంచు మీద నడిచే స్లెడ్డు బళ్ళు వేసుకుని బయల్దేరారు. బళ్ళు కొన్నే, ఇళ్ళు బోలెడు. ఎటు వెళ్ళాలో కాపలా గదే చెప్పాలి. అప్పుడు రేడియోలో అందరూ వినేలా ఐలా ఒక కట్టుబాటు పెట్టింది.

“ఆరిన ఇళ్ళు ముందు, వెలిగే ఇళ్ళు ఆఖరున. ఎవరు బతిమాలినా సరే. మా తమ్ముడి ఇల్లయినా సరే.”

తమ్ముడి మాట ఊరికే అనలేదు. హెరాన్ బే రోడ్డు మొత్తం చీకటైపోతే తమ్ముడు ఆర్వో దీపం ఒక్కటే వెలుగుతోంది. అది ఆమె అప్పటికే చూసింది, చూసి ఊపిరి పీల్చుకుంది.

“మీ తమ్ముడు ఘనుడే,” అన్నాడు డ్వేన్. “రోడ్డంతా గజగజలాడుతుంటే తనొక్కడూ టీవీ చూస్తున్నాడు.”

“జనరేటర్ ఉంది వాడికి. కొన్నాడని ఎవరో చెప్పారు.”

“ఎవరో చెప్పడమేంటి? నువ్వు మాట్లాడవా?”

“మాట్లాడను. నీ పని చూడు.”

ఐలా భర్త రాయ్ పోయినప్పుడు ఆర్వో అంత్యక్రియలకు రాలేదు. మంచుకి రోడ్డు మూసేశారన్నాడు. రోడ్డు మూయలేదని ఐలాకు తెలుసు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే మొద్దులోంచి చెక్కిన రెండు చెక్కలు. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు, అతడు చెప్పలేదు. మాటల్లేకుండా రెండో చలికాలం నడుస్తోంది.

రెండు రోజులు అలాగే గడిచాయి. గదిలో జనరేటర్ పుణ్యమా అని వేడుంది, డబ్బాలో చల్లారిపోయిన మాంసం కజ్జికాయలున్నాయి. చీకటి ఇళ్ళ నుంచి ఒక్కొక్కరినే చర్చి హాలుకి చేరుస్తున్నారు. మూడోరోజు పొద్దున, డ్వేన్ కాఫీకి వెళ్ళిన సందులో, ఐలా ఆర్వోకి ఫోన్ చేసింది. అవతల మోగింది. మోగుతూనే ఉంది. మొండి ఘటం, నేనని చూసి ఎత్తడం లేదు అనుకుని విసురుగా పెట్టేసింది. ఆ మోత ఆర్వో ఇంట్లోది కాదు, సంఘం యంత్రమే ఆమె చెవిలో వినిపించేది. ఆ సంగతి కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే. ఆ క్షణాన మాత్రం కోపానికి ఏ చదువూ అడ్డురాలేదు.

డ్వేన్ కాఫీ తెచ్చి తెర ముందు నిలబడ్డాడు.

“మీ తమ్ముడి దీపం చూడు ఐలా. ఫోటో తీసి అంటించినట్టుంది.”

“అంటే?”

“వణకడం లేదు.”

ఆమె మీటలు తీసుకుని దగ్గరికి వెళ్ళింది. చుట్టూ నల్లటి గుమ్మాలు, మధ్యలో తెల్లటి దీపం. బతికున్న ఇంటి దీపం ఎప్పుడూ నిలకడగా ఉండదు. జవాబు ఓసారి తొందరగా వస్తుంది, ఓసారి ఆలస్యంగా. గాలికి తీగ ఊగుతుంది, ఎవరో సినిమా పెడతారు, వంటింట్లో ఏదో తిరుగుతుంది. ఆ చిన్న తడబాటుకే దీపం వణుకుతుంది. ఆర్వో దీపంలో తడబాటు లేదు. ప్రతి క్షణం, అంతే వేగంగా, అంతే వెలుగుతో ‘ఉన్నా’ అంటోంది. ఊపిరున్న ఇల్లేదీ అలా జవాబు చెప్పదు.

ఐలా మీటలు పక్కన పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది.

పాత ఉద్యోగుల దగ్గర ఓ ఉపాయం ఉండేది. లైను బాగాలేక మాటిమాటికీ ఆరిపోయే ఇళ్ళుంటాయి. అలాంటి ఇంటి తరఫున, రోడ్డు పక్కన తీగలు కలిసే సంఘం వాళ్ళ ఇనప్పెట్టె చేత జవాబు చెప్పించొచ్చు. అరువు జవాబు అనేవారు దాన్ని. లెక్కల్లో ఆ లైను బాగున్నట్టే ఉంటుంది, పటంలోనైతే గంట మోగదు, కాపలావాడికి నిద్ర చెడదు. పటం తయారైన రోజునే డ్వేన్ దాన్ని నిషేధించాడు. దీపం అబద్ధం చెబితే ఇక పటం ఎందుకన్నాడు. అందరూ సరేనన్నారు, ఐలా కూడా. కానీ రాయ్ పోయిన చలికాలంలో గాలి వీచినప్పుడల్లా ఆర్వో దీపం ఆరేది, వెలిగేది. ప్రతిసారీ గంట. తలుపు తట్టి మాట్లాడకుండా నిలబడ్డ మనిషిలా ఉండేది ఆమెకు. ఓ రోజు తట్టుకోలేక ఆ ఇంటికి అరువు జవాబు పెట్టేసింది. గంట ఆగింది. ఆ తర్వాత ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

డ్వేన్‌కి చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గు అలాంటిది, తమ్ముడి ప్రాణం మీదికొచ్చినా ముందు తన మొహమే దాచుకోమంటుంది. “కాసేపు బయటికెళ్ళొస్తా” అని కోటు వేసుకుంది.

“ఈ తుఫాన్లోనా? ఎక్కడికి?”

“రేడియో నా దగ్గరుంది.”

రాయ్ వాడిన పాత స్లెడ్డు బండి షెడ్డులో ఉంది. దాన్ని తీసుకుని సరస్సు ఒడ్డు వెంట వెళ్ళింది. ఆకాశం, నేల ఒకే రంగులో ఉన్నాయి. విరిగిన చెట్ల మధ్య ఎక్కడా మనిషి అలికిడి లేదు. తెర మీద ఎన్నోసార్లు ఈ వీధంతా తిరిగింది కానీ నేల మీద ఏ మలుపు ఎక్కడుందో తడుముకోవలసి వచ్చింది.

ఆర్వో ఇంటికి కొంచెం ఇవతల రోడ్డు పక్కన సంఘం ఇనప్పెట్టె మెడదాకా మంచులో మునిగి ఉంది. బండి ఆపితే లోపలి నుంచి సన్నటి మూలుగు వినిపించింది. దానికి సొంత బ్యాటరీ ఉంది, వేడి ఉంది, ఏ లోటూ లేదు. అది ఇప్పుడు కూడా క్షణానికోసారి ఆర్వో తరఫున మాట్లాడుతోంది. ఉన్నా, ఉన్నా, ఉన్నా. ఐలాకు దాని పక్కన నిలబడాలంటే భయం వేసింది. బండి ముందుకు దూకించింది.

పొగగొట్టంలో పొగ లేదు. గుమ్మం ముందు అడుగుల జాడ లేదు. జనరేటర్ ఇంటి వెనక మంచుకింద దిబ్బలా ఉంది. ఆమె భుజంతో తలుపు నెట్టింది. లోపల బయటికంటే చల్లగా అనిపించింది. వంటింటి కిటికీ దగ్గర, నేల మీద, ఇంట్లో ఉన్న దుప్పట్లూ తివాచీలూ అన్నీ కప్పుకుని ఒక కుప్ప. పక్కన ఆరిపోయిన లాంతరు.

“ఆర్వో.”

కుప్ప కదల్లేదు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి దుప్పట్లు లాగింది. గడ్డం నిండా నూగులా మంచు. మెడ కింద వేళ్ళు పెట్టి నాడి కోసం ఏడుస్తూ వెతికింది. చాలాసేపటికి, ఎక్కడో లోతున, ఒక కదలిక తగిలింది. తర్వాత చాలా ఆలస్యంగా ఇంకొకటి.

కళ్ళు సగం తెరుచుకున్నాయి.

“బూట్లు విప్పలేదేంటక్కా,” అన్నాడు ఆర్వో. “ఇల్లంతా తడి.”

“నోరుమూసుకో వెధవా. ఏమైంది నీకు?”

“జనరేటర్ దగ్గర జారిపడ్డా. కాలు ఫట్‌మంది. పాక్కుంటూ వచ్చా.” కిటికీ వైపు కళ్ళు తిప్పాడు. “స్లెడ్లు వచ్చాయి. కిటికీలోంచి లాంతరు ఊపా. వాళ్ళు కూడా చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. నిన్న మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఊపారు. మంచి కుర్రాళ్ళు.”

ఐలా ఆరిన లాంతరు వంక చూసింది. పటంలో వెలిగే ఇల్లు కదా, పలకరిస్తున్నాడనుకుని ఉంటారు. అతడి చేతులు తన కోటులోపల పెట్టుకుని రేడియో తీసింది.

“మాకి, హెరాన్ బే రోడ్డుకి స్లెడ్డు పంపు. ఆర్వో దగ్గరున్నా. కాలు విరిగింది, ఒళ్ళు మంచుముద్దలా ఉంది.”

“ఐలా, ఆ ఇల్లు వెలుగుతోంది.”

“తెలుసు.”

“సరస్సు కొసన ఇంకా ఆరిన ఇళ్ళున్నాయి. మా తమ్ముడిదైనా సరే ఆఖరునే అని నువ్వే అన్నావు. ఇప్పుడు మళ్ళించమంటే కుర్రాళ్ళు ఏమనుకుంటారు?” గొంతు తగ్గించాడు. “పొరపాటున వేరే ఇంటికి వెళ్ళలేదు కదా? ఇక్కడ జవాబు చక్కగా వస్తోంది. మనిషి బాగానే ఉన్నట్టుంది.”

ఆమె తన చేతి కింది మనిషి వంక చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“అది అరువు జవాబు మాకి. నేనే పెట్టా.”

ఆమె ఆర్వో మీదికి ఇంకో దుప్పటి లాగింది.

“రాయ్ పోయిన చలికాలం,” అంది. “ఆ గంట భరించలేకపోయా. తీసెయ్. నీకు తీయడం తెలుసుగా. తీసి చూడు.”

కాసేపటికి డ్వేన్ గొంతు వచ్చింది. “ఆరింది.” ఇంకాసేపటికి, “స్లెడ్డు మళ్ళించా. దగ్గర్లోనే ఉన్నారు, వస్తున్నారు. వాణ్ణి నిద్రపోనివ్వకు.”

ఐలా తమ్ముడి చేతులు రుద్దుతూ ఏడ్చింది. అతడు ఆమె ఏడుపు వింటూ, “ఆ రోజు రోడ్డు తెరిచే ఉందక్కా,” అన్నాడు. “రాయ్‌ని అలా చూడలేక రాలేదు.”

“తెలుసురా. మాట్లాడుతూ ఉండు.”

రేడియో మళ్ళీ గరగరలాడింది.

“ఐలా. వాడికొక్కడికే పెట్టావా?”

ఆమె తమ్ముడి చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది. గంట ఆగిన ఆ రోజు ప్రాణానికి ఎంత హాయిగా ఉందో జ్ఞాపకం వచ్చింది. ఆ హాయికి మరిగి తర్వాత ఇంకో ఇంటికి పెట్టింది. ఆ పైన మరొకటి. ఎవరెవరికో తనంతట తాను చెప్పలేకపోయేది. గొడవ చేయని దీపాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

“నేను తెర ముందున్నా,” అన్నాడు డ్వేన్. “మెల్లగా అన్ని వరసలూ తిరుగుతున్నా. వణకనివి ఇంకా ఉన్నాయి. మనం మూడు రోజుల్నుంచి వీటివైపు ఎవర్నీ పంపలేదు. పేర్లు చదువుతా, నువ్వు పెట్టినవేనా చెప్పు. హిల్యా నీమి.”

ప్రతి శుక్రవారం కాపలా గదికి ఏలకుల రొట్టె పంపే ముసలావిడ.

“అవును,” అంది ఐలా.

డ్వేన్ తర్వాతి పేరు చదివాడు. ఆమె అవునంది. అతడు చదువుతూ పోయాడు, ఒక్కో పేరు తర్వాత ఆగుతూ. తమ్ముడి చేతులు వదలకుండా ఆమె ప్రతి పేరుకీ అవునంటూనే ఉంది.