గద్దముక్కు అడిగిన మాట

ఒక్క రోజులో నాలుగు వేల సార్లు లోడైన తుపాకీ ఒక్క తూటా కూడా పేల్చలేదని రికార్డులో కనిపించేసరికి, ఆమె చేతిలోని కాఫీ కప్పు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

అంకె తప్పు పడిందేమోనని ముందు రోజుది తీసింది. నాలుగు వేల నూట పన్నెండు. తూటాలు సున్నా. ఆ ముందు రోజు మూడు వేల తొమ్మిది వందలు. తూటాలు సున్నా. పన్నెండు రోజులుగా ఇదే వరస.

తుపాకీ పేరు గద్దముక్కు. ఎప్పుడో మూడో సీజనులో వచ్చిన రైఫిలు. లక్షల మంది ఆన్‌లైనులో ఒకరినొకరు కాల్చుకునే ఆ ఆటలో మూడు నెలలకొక సీజను మారుతుంది. సీజనుకి రెండు మూడు కొత్త ఆయుధాలు వస్తాయి, పాతవి పేరుకుపోతాయి. ఏడాదికోసారి ఆ పాతవాటికి ర్యాంకులు వేసి, నలభైలో చివరి పదింటినీ సర్వరులోంచి శాశ్వతంగా తీసిపారేస్తారు. ఆ ర్యాంకులు వేసే పని ఆమెది. ఆఫీసులో చాలామందికి ఆమె అసలు పేరు గుర్తు లేదు, జాబితా అక్క అంటే చాలు.

నిరుడు ఆ జాబితాలో తప్పు దొర్లింది. ఆటగాళ్ళు ప్రాణంగా చూసుకునే తుపాకీ ఒకటి ఎగిరిపోయింది. నెల రోజుల పాటు తిట్లే తిట్లు. మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పాడు, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ కుర్చీలో వేరేవాళ్ళుంటారని. ఈ ఏటి జాబితా మీద సాయంత్రం ఐదింటికల్లా సంతకం పెట్టివ్వాలి. అప్పటికే పన్నెండు దాటింది.

ర్యాంకు వేయడానికి ఆమె లోడు లెక్కనే నమ్ముతుంది. తుపాకీని ఊరికే భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు బోలెడుమంది. లోడు చేశాడంటే మాత్రం వాడినట్టే. ఆ పద్ధతి పెట్టింది ఆమే. ఇప్పుడు అదే పద్ధతి ఆమె మెడకు చుట్టుకుంది. ఎవరూ ముట్టుకోని గద్దముక్కు ముప్పై ఎనిమిదో చోటు నుంచి పాక్కుంటూ వచ్చి సరిగ్గా ముప్పయ్యో చోటులో కూర్చుంది. గీతకు అంగుళం పైన.

"ఒరేయ్ బక్కోడా, ఇలా రా."

పక్క కుర్చీలోని ప్రోగ్రామరు కూర్చున్న కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, మళ్ళీ నా తేలు మీద పడ్డావా?"

"నీ తేలు ముప్పై ఒకటికి జారింది."

తేలు పదకొండో సీజను పిస్టలు. బక్కోడు ఉద్యోగంలో చేరాక సొంతంగా చేసిన మొదటి ఆయుధం. "పోతే పోనీలే, తొక్కలో పిస్టలు," అన్నాడు గానీ, ఆమె చేతిలోంచి మౌసు లాక్కున్న తీరు అలా లేదు. రెండు నిమిషాలు చూసి తేల్చేశాడు. "అన్నీ ఒకే ఖాతా నుంచి, పేరు లేదు. ఎవడో యంత్రం పెట్టాడక్కా. తనంతట తనే మీట నొక్కే ప్రోగ్రాము. ఆరు సెకన్లకోసారి నొక్కుతోంది."

"యంత్రం భోజనానికి లేస్తుందా?"

అతను మళ్ళీ చూశాడు. రోజూ పదింటికి మొదలు. ఒంటిగంటకు ఆగుతుంది, ఒకటిన్నరకు మళ్ళీ అందుకుంటుంది. నాలుగింటికి పది నిమిషాలు టీ వేళంత విరామం. ఐదున్నరకు ముగింపు. మంగళవారం మాత్రం మూడింటికి ఒక ఇరవై నిమిషాలు ఏమీ లేదు.

"మంగళవారం మూడింటికి..." బక్కోడు గొంతు తగ్గించాడు. "మనకి కరెంటు పోయింది కదక్కా."

హాలులో పదిహేను మంది తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. రోజూ చూసే తలలే. ఆమెకు మొదటిసారి వాళ్ళ ముఖాలు చూడాలంటే బెరుకు పుట్టింది.

"నిండుగా ఉన్న తుపాకీ మళ్ళీ లోడవదు కదరా?"

"మిగతావి అవవు. గద్దముక్కులో పాత తప్పొకటి ఉండిపోయింది, నిండుగా ఉన్నా లోడవుతుంది. ముగ్గురు ఫిర్యాదు కూడా పెట్టారు. మూడింటికీ ‘పర్వాలేదు, ఉండనివ్వండి’ అని రాసి మూసేశారెవరో. పేరు లేదు." అతను తెరకు దగ్గరగా వంగాడు. "ఇదేంటక్కా ఇంకోటి. లోడైన ప్రతిసారీ వెంటనే మైకు తెరుచుకుంటోంది. ఒక్క సెకను. మళ్ళీ మూత."

"ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"ఎవరూ లేరు. ఆటలోని సాధన మైదానంలో ఒక గోడ, దాని ముందు వీడు. అంతే. ఏం మాట్లాడాడో మనం దాచం కదా, మైకు తెరిచిన గుర్తే ఉంటుంది."

"గోడతో మాట్లాడేవాడు మన ఆఫీసులో ఎవడ్రా?"

"నెలాఖరున మేనేజరు," అన్నాడు బక్కోడు. నవ్వు మాత్రం ఇద్దరికీ రాలేదు.

ఒంటిగంటకు హాలు ఖాళీ అయింది. బక్కోడు కూడా భోజనానికి లేచాడు. కారిడారు చివరి గదిలోంచి శబ్దాల విభాగం పెద్దాయన బయటికొచ్చాడు. ఆఫీసులో అందరికంటే పాత మనిషి, అందరికీ బాబాయ్. ఆటలో అడుగుల చప్పుడు దగ్గర్నుంచి పేలుళ్ళ దాకా ఆయన చేతి మీదుగా వచ్చినవే. తన గది తలుపును వేళ్ళతో పట్టుకుని, గాలి కూడా కదలనంత నెమ్మదిగా మూశాడు.

"తిన్నావా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. జాబితా."

"కడుపు మాడ్చుకుంటే ర్యాంకులు మారతాయా ఏంటి," అంటూ వెళ్ళిపోయాడు.

ఆమె హెడ్‌ఫోన్సు పెట్టుకుని సాధన మైదానంలోకి వెళ్ళింది. బూడిద రంగు గోడ. బూడిద రంగు ఆకాశం. ఆమె చేతుల్లో గద్దముక్కు. లోడు నొక్కింది. సొరుగు జరిగినట్టు ఒక చప్పుడు, డబ్బా మూత పడినట్టు ఒకటి, చివరికి గొళ్ళెం.

"అయిందా?"

ఎడమ భుజం వెనక గుసగుస.

"అవలేదురా. ఐదింటిదాకా ఆగు," అంది తల తిప్పకుండా. మళ్ళీ నొక్కింది.

"అయిందా?"

"నీ పిస్టలు ఎక్కడికీ పోదు, ముందు నన్ను..." అంటూ తిరిగింది.

బక్కోడి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వెనక కుర్చీ ఖాళీ. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మనిషి లేడు. ఎవరో వదిలేసి వెళ్ళిన స్వెట్టరు చేతులు కుర్చీకి రెండు వైపులా వేలాడుతున్నాయి.

హెడ్‌ఫోన్సు తీసేసింది. ఏసీ రొద తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకుని, వేలు మీట మీద ఆనించింది. నొక్కాలనిపించలేదు. నొక్కింది.

"అయిందా?"

బక్కోడు తిరిగొచ్చాక హెడ్‌ఫోన్సు అతని చెవులకు తగిలించింది. రెండో లోడుకే పీకి బల్ల మీద పెట్టేశాడు. "అక్కా, నాకు ఒంట్లో బాగోలేదు. ఇంటికెళ్ళిపోతా."

"కూర్చో. దాన్ని నెమ్మదిగా నడిపించి చూడు."

శబ్దాన్ని విడదీసి, సాగదీసి, పెంచి విన్నారు. ఆడమనిషి గొంతు. పెద్ద వయసు. పక్క గదిలోంచి, తలుపు సందులోంచి వచ్చిన మాట. యుద్ధంలో పేలుళ్ళ మధ్య ఎవరికీ వినపడదు. ఖాళీ మైదానంలో చెవి పెడితే తప్ప.

"దీన్ని కావాలని అతికించలేదక్కా. గొళ్ళెం చప్పుడుతో పాటే పడిపోయింది. ఒకే టేకు." బక్కోడు పెదవులు తడుపుకున్నాడు. "మూడో సీజను శబ్దాలు పట్టింది..."

ఇద్దరూ కారిడారు చివరికి చూశారు. ఆ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల రికార్డింగు జరుగుతోందని, ఎవరూ రావద్దని గుర్తు. పన్నెండు రోజులుగా ఆ దీపం వెలుగుతూనే ఉందని ఆమెకు అప్పుడు తట్టింది.

ఎర్ర దీపం వెలుగుతుండగా ఆ తలుపు తెరవడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి.

బాబాయ్ వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. గోడలకు మందపాటి స్పాంజి పలకలు, లోపలికి అడుగు పెట్టగానే చెవుల్లో దూది కుక్కినట్టయింది. తెర మీద బూడిద రంగు గోడ. ఆయన వేలు కదిలింది. సొరుగు, మూత, గొళ్ళెం. ఆయన మైకు దగ్గరికి వంగి, పక్కన పడుకున్నవాళ్ళకు చెప్పినంత మెల్లగా అన్నాడు.

"అయింది."

ఆరు సెకన్లు. మళ్ళీ గొళ్ళెం. మళ్ళీ వంగాడు. "అయింది."

"బాబాయ్."

ఆయన ఉలిక్కిపడలేదు. "దీపం వెలుగుతోంది కదమ్మాయ్."

"చూశాను."

"అయితే తెలిసే వచ్చావు. తలుపు వెయ్."

వేసింది. ఎంత నెమ్మదిగా వేద్దామన్నా టక్కుమంది. ఆయన కళ్ళు మూసి తెరిచాడు.

"ఐదింటికి సంతకం పెట్టాలి బాబాయ్. ఇది ముప్పైలో ఉంటే బక్కోడి తేలు పోతుంది. రేపు ఈ లెక్క ఎవరి కంట్లోనైనా పడితే నేనూ పోతాను."

"ముప్పై ఎనిమిదిలో రాసెయ్. దాని చోటు అదే."

"మరి ఈ పన్నెండు రోజులూ ఎందుకు? ఆ గొంతు కావాలంటే కాపీ చేసుకుని ఇంటికి పట్టుకెళ్ళొచ్చు కదా."

ఆయన కుర్చీని ఇటు తిప్పాడు. హెడ్‌ఫోన్సు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాపీ నా దగ్గరుంటే ఏదో ఒక రోజు చెరిపేస్తానమ్మాయ్. నా సంగతి నాకు తెలుసు. అందుకే లక్షల మంది చేతుల్లో పెట్టాను. అది మీ పిన్ని గొంతు. మూడో సీజనప్పుడు ఈ గది లేదు, శబ్దాలన్నీ ఇంట్లోనే పట్టేవాణ్ణి. ఆ రోజు గద్దముక్కు కోసం పట్టుకున్న తలుపు గొళ్ళెం ఎంతకీ సరిగ్గా పలకడం లేదు. ఎండాకాలం. మీ పిన్ని నాకోసం ఫ్యాను ఆపేసింది, కుళాయి కట్టేసింది, గోడ గడియారం తీసి దుప్పట్లో చుట్టింది. పక్క గదిలో కుర్చీ వేసుకుని రెండు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుంది. రెండు గంటలయ్యాక ఒకే ఒక్కసారి అడిగింది, అయిందా అని. నేను తల కూడా తిప్పలేదు. చెయ్యెత్తి ఆగమన్నాను. ఇంకో గంట పట్టాను. బయటికొచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చి ఉంది. నిద్రపోయిందనుకున్నాను. లేపకూడదని మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి నేనే నీళ్ళు తాగాను. గంట ముందు తెచ్చుంటే ఏదైనా చేసేవాళ్ళమన్నాడు డాక్టరు. మా అమ్మాయికి ఫోను చేసి, మీ అమ్మ చప్పుడు లేకుండా పోయిందమ్మా అని చెప్పాను. చప్పుడు చేసింది. నేను రికార్డు కూడా చేశాను. కంపెనీకి ఆ టేకే ఇచ్చాను. ఆ తప్పు దిద్దకుండా ‘పర్వాలేదు’ అని రాసిందీ నేనే. సర్వరులోంచి అది పోతే ఆవిడ నన్ను పిలిచిందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగులుతాను. ఒక్కణ్ణే అయితే పిలవలేదని చెప్పుకుని బతికేస్తాను. ఇప్పుడు నీకు తెలిసింది, ఇక తుపాకీ అక్కర్లేదు. తీసెయ్. పొద్దస్తమానం అయింది, అయింది అని చెబుతూనే ఉన్నాను, నమ్మదు, మళ్ళీ అడుగుతుంది. పాపం, పనిలో పడి వినపడలేదేమో అనుకుంటున్నావు కదూ. వినపడిందమ్మాయ్. ఆ గొంతు ఎప్పట్లా లేదని కూడా పోల్చుకున్నాను, ఈ చెవులతోనే కదా బతుకుతున్నాను. అప్పుడప్పుడే టేకు బాగా వస్తోంది. అందుకే లేవలేదు."