తడి బీరువా

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. చేపలు తూచేవాడి వేలు కాటా మీద ఎక్కడుందో చూస్తూ పెరిగినదాన్ని. ఒకరి మాట చప్పున నమ్మడం నా వల్ల కాదు.

నిషికావా గారి దగ్గర పనిలో చేరిన మొదటి వారమే నా చేతులూ కనురెప్పలూ ఉబ్బిపోయాయి, జీడి రసం తగిలినట్టు. ఉరుషి అనే జపాను చెట్టు పాలతో గిన్నెలకి పూత వేసే పని అది. "అందరికీ వస్తుందండీ, తగ్గిపోతుంది" అన్నారాయన. నన్ను వదిలించుకోవడానికే ఇలా చేశారనుకున్నాను. ఏడ్చాను గానీ పని మానలేదు.

ఆయన భార్య ఎలీసమ్మ గారిది రాజోలు. జపానులో నర్సుగా చేస్తూ ఆయన్ని పెళ్ళాడి, రిటైరయ్యాక సొంతూరికి వెంటబెట్టుకొచ్చేసింది. తెలుగు ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి ఆయన నోట్లో ప్రతిదానికీ అండీ, ఆయ్. డెబ్భై ఏళ్ళ గురువు నన్ను "భవాని గారూ" అని పిలుస్తుంటే అదీ నాకు తేడాగానే ఉండేది. ఇంత మర్యాద చేసేవాళ్ళు ఏదో దాస్తారు.

దాచారు కూడా. కొబ్బరి చిప్పల్ని గిన్నెలుగా చెక్కి, పూత వేసి, ఆరాక బొగ్గుతో నున్నగా రుద్ది, మళ్ళీ పూత వెయ్యాలి. ఇలా ఇరవై సార్లు. ఎనిమిది నెలలుగా నాకూ, నాతో చేరిన జీవన్‌కీ రుద్దుడే పని. పూత వేసిన గిన్నెల్ని మాత్రం ఆయన చెక్క బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మర్నాటికి గట్టిపడి బయటికొచ్చేవి. లోపల ఏదో మిషను ఉందని నా నమ్మకం.

ఈమధ్య ఆయన చేతులు వణకడం మొదలైంది. ఆఖరి పూత వేసే విద్య ఇద్దరిలో ఒక్కరికే నేర్పుతానన్నారు. ఆడవాళ్ళ జుట్టుతో చేసిన ఆయన కుంచె కూడా ఆ ఒక్కరికే. మా ఇద్దరి చేతా చెరో గిన్నెకి పూత వేయించారు. ఎవరిది బాగా వస్తే వాళ్ళకి.

నాకది కావాలి. రొయ్యల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు ఐసులో మునిగిన చేతులివి. వీటికి ఇంకో పని కూడా వచ్చని నాకు నేను చూపించుకోవాలి. కానీ జీవన్‌ది ఎలీసమ్మ గారి చర్చే. నిషికావా గారిని కంటి ఆపరేషనుకి రాజమండ్రి కారు నడిపి తీసుకెళ్ళేదీ జీవనే. ఫలితం నాకప్పుడే తెలిసిపోయింది.

ఆపరేషనుకి వెళ్ళే ముందు ఆయన బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"మూడు రోజుల్లో వచ్చేస్తామండీ. పొద్దున్నా సాయంత్రం లోపల గుడ్డలు తడపండి. గిన్నెలు కదపొద్దు. ఉరుషి తడిలోనే ఆరుతుంది."

"తడిలో ఆరుతుందాండీ?"

"ఆయ్."

కారు మలుపు తిరగ్గానే తెరిచాను. మిషను లేదు, బల్బు లేదు. గోడలకి వేలాడుతున్న తడిగుడ్డలు, అరలో మా రెండు గిన్నెలు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు కిటుకు తీసేసి, నా చేత్తోనే నా గిన్నె పాడుచేయించాలని ఎత్తు వేశారన్నమాట. జీవన్‌ది పాడైనా వాడికి ఇంకో గిన్నె ఇస్తారు, నాకివ్వరు. అంతర్వేది దగ్గర మా వాళ్ళు మూడు తరాలుగా చేపలు ఎండబెడుతున్నారు. ఒక్క పూట ముసురు పట్టిందంటే సరుకంతా పురుగే. తడి ఏం చేస్తుందో, ఎండ ఏం చేస్తుందో నాకొకరు చెప్పాలా?

నా గిన్నె తీసుకెళ్ళి డాబా మీద ఎండలో పెట్టాను. ఈగలు వాలకుండా, ఎండుచేపల మీద కప్పినట్టే, పాత దోమతెర ముక్క కప్పాను. జీవన్ గిన్నెని బీరువాలోనే ఉంచేశాను. ఆ గుడ్డల్ని మాత్రం రోజుకి రెండుసార్లు కాదు, నాలుగుసార్లు తడిపాను. బాగా బూజు పట్టాలని. సంతోషంగా తడిపాను, అబద్ధమెందుకు.

మూడోరోజు మధ్యాహ్నానికి కూడా నా గిన్నె వేలికి అంటుకుంటూనే ఉంది. పైన ముడతలు లేచాయి, దోమతెర నూగు అతుక్కుపోయింది. ఇంకో రెండు రోజుల ఎండ చాలు, రుద్దితే సరిపోతుంది అనుకుంటుండగానే కారు వచ్చింది.

నల్లద్దాలు పెట్టుకుని నిషికావా గారు బీరువా దగ్గర కూర్చున్నారు. జీవన్ గిన్నె తీసి, వేళ్ళతో చుట్టూ తడిమారు. బూజు లేదు. కిటికీ అందులో కనబడుతోంది, కిటికీ అవతలి కొబ్బరాకులతో సహా.

"ఇంత నిగారింపు నాకే ఎప్పుడూ రాలేదండీ. ఈ ఎండలకి రెండుసార్ల తడి చాలదేమోనని దారంతా బెంగపడ్డాను. ఎన్నిసార్లు తడిపేరు?"

"నాలుగుసార్లండి."

జీవన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా గిన్నె కోసం అంత కష్టపడ్డావా అక్కా?"

నేను తల ఎత్తలేకపోయాను. డాబా మీదికి వెళ్ళి నా గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని చూశారు. ఒక దారప్పోగు గోటితో లాగి పక్కన పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

"బొగ్గు ఉందండీ" అన్నారు. మొత్తం గీకేసి మొదటి పూత నుంచీ మళ్ళీ మొదలుపెట్టమని.

కుంచె జీవన్‌కి ఇచ్చారు. నేను తాళంచెవి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"మీ దగ్గరే ఉండనివ్వండి. తడి మీలాగా ఎవరూ చూడలేరు."

మెచ్చుకున్నారో, అంతా తెలిసే అన్నారో నాకు అర్థం కాలేదు. నల్లద్దాల వెనక కళ్ళు కనిపించలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆయన నాతో ఉన్నదున్నట్టే చెప్పారు, నా చెవులే ఒప్పుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు పగలంతా నా గిన్నె రుద్దుకుంటున్నాను. జీవన్ గిన్నెలకి తడి నేనే పెడుతున్నాను. ఎండ ఎక్కువగా ఉన్న రోజు నాలుగుసార్లు.