ఆఖరి పేరా

అమెరికాలోని డులూత్ అనే ఊరి పత్రికలో ఐలీ లెహ్టో ఇరవై తొమ్మిదేళ్లుగా సైన్సు వార్తలు రాస్తోంది. ఏ ప్రయోగం గురించి రాసినా, అది జనానికి ఎప్పుడు అందుతుందో ఆఖరి పేరాలో చెప్పి తీరాలి. లేకపోతే ఎడిటర్లకు ముద్ద దిగదు. శాస్త్రవేత్తలేమో చెప్పలేమంటారు. ఐలీ వదలదు. చివరికి ఆ పెద్దమనుషులు విసిగిపోయి, పోనీ ఐదేళ్లని రాసుకోమంటారు. ఆమె రాసేసేది. తప్పు చేస్తున్నానని ఏనాడూ అనుకోలేదు.

ఆ ఐదేళ్లను నమ్ముకున్నవాడు ఆమె అన్న ఆర్నె. సుపీరియర్ సరస్సులో ఇనుప ఖనిజం మోసే ఓడలకు చుక్కాని పట్టిన మనిషి. నలభై నాలుగో ఏట అతని చూపు అంచుల నుంచి మూసుకురావడం మొదలైంది. గుడ్డి ఎలుకలకు చూపొచ్చిందని ఐలీ రాసిన వార్తను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నాడు. తర్వాత కుక్కలకు వచ్చింది, కోతులకు వచ్చింది. ఇప్పుడతనికి డెబ్బై రెండు. కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తుంది. ఐదేళ్ల భాగ్యానికి చేతికర్ర ఎందుకని ఇన్నాళ్లూ పట్టనే లేదు. పోయిన నెల మెట్ల మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

చూపులేనివాళ్లకు సొంతంగా బతకడం నేర్పే బడి ఒకటుంది. అందులో అతనికి చోటు కోసం ఐలీ ఎక్కని గడప లేదు. సంతకం పెడితే సోమవారం నుంచే వెళ్లొచ్చు. ఆ కాగితం వారం రోజులుగా అతని ఫ్రిజ్ తలుపు మీద, ఓడ బొమ్మ అయస్కాంతం కింద వేలాడుతోంది.

గురువారం ఆమె ఆఖరి వార్త అచ్చయింది. పత్రికవాళ్లు సైన్సు పేజీ ఎత్తేశారు. ఆ వార్త కూడా అతని కళ్లజబ్బు గురించే. నలభై మంది మీద చేసిన ప్రయోగం ఫలించలేదు, ఆపేశారు. ఈసారి ఆమె ఎవరినీ ఎప్పుడని అడగలేదు. ఆఖరి పేరా రాయలేదు. ఇది వింటే సంతకం పెట్టక ఎక్కడికి పోతాడనుకుంది.

అన్న ఇంట్లో కాఫీ, ఏలకుల రొట్టె ముందు పెట్టుకుని మొత్తం చదివి వినిపించింది.

"ఊ, తర్వాత?" అన్నాడు ఆర్నె.

"అంతే అన్నయ్యా."

"అంతేంటే? ఆఖరి పేరా ఏదీ?"

ఆ ఐదేళ్లు నేను వాళ్ల నోట్లోంచి పీకి పెట్టిన మాట, నమ్మొద్దు అని చెప్పాలి. కారులో వస్తూ పదిసార్లు అనుకున్న మాటే. అతను ముఖాన్ని ఆమె గొంతు వైపు తిప్పి ఎదురుచూస్తున్నాడు.

"చోటు చాల్లేదా?" అన్నాడు. "ఎప్పుడూ కింది నుంచే కోస్తారని నువ్వే చెప్పేదానివి కదా."

అది నిజమే. ప్రకటన వచ్చి పడితే వార్తను తోక వైపు నుంచే కోస్తారు. అలా పోయిన పేరాల గురించి ఆమె ఈ బల్ల దగ్గరే కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చిందో.

"అవును," అంది ఐలీ. "చోటు చాల్లేదు."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "హడలగొట్టావు కదే. ఐదేళ్లేనా?"

"ఐదేళ్లే."

"డెబ్బై ఏడు. ఓడ ఎక్కనివ్వరులే, రేవులో నిలబడి చూస్తాను." రొట్టె తుంచుకున్నాడు. "ఆ బడి కాగితం తీసి పారేయ్. దాని చోట ఇది పెట్టు."

ఆమె తనను తాను తిట్టుకుంటూ లేచింది. దిద్దుకుందామన్నా ఇక పేజీ లేదు. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, వార్తను ఆ అయస్కాంతం కింద ఉంచింది. అది పక్కకు జారింది.

"తిన్నగా ఉందా?" అని అడిగాడు ఆర్నె.

ఉందని చెప్పింది.