ఆయిల్ ఎటు పోతున్నట్టు?

పొద్దున్నే చాయ తాగి శ్యాంసుందర్‌రావు మోటారు సైకిల్‌ను పెద్ద స్టాండు మీద నిలబెట్టేవాడు. ఆయిల్ చూసే పుల్లను పాత పంచె గుడ్డతో తుడిచి, లోపల ముంచి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. నిన్న నిండుగా ఉన్న ఆయిల్ ఇవాళ పుల్ల కొసకైనా అంటేది కాదు. మళ్లీ కొత్త ఆయిల్ డబ్బా వంచేవాడు.

అదే వేళకు అతని తల్లి జానకీబాయి వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేది. ఆమె నడిచిన చోటల్లా నల్లగా, నున్నగా అడుగులు పడేవి. కోడలు దేవకి వాటి మీద బూడిద చల్లి గోనెపట్టాతో తుడిచేది. "అత్తమ్మా, గడప కాడ జర కాళ్లు తుడుసుకోరాదుండ్రి" అనేది, అంతే.

జానకీబాయి మోకాళ్లు పట్టేసి ఏళ్ల తరబడి మంచం మీదే ఉండేది. కిందటి చలికాలంలో ఒకనాడు తనంతట తనే లేచి నడిచింది. మెట్‌పల్లి వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఆ అడుగులు చూశారు. మామిడికాయ తొక్కులో ఆవపిండి ఎంత వెయ్యాలో అడిగి పోయారు.

శ్యాంసుందర్‌రావుకు బండి ఫికరే తప్ప మరొకటి లేదు. అతను పశువుల దవాఖాన ఉద్యోగి. వానలు పడకముందే ఊరూరా తిరిగి ఎద్దులకు గొంతువాపు టీకాలు వెయ్యాలి. ఎనభై నాలుగు ఎండాకాలంలో, జైనూర్ వైపు గూడేలకు మనిషి లేడని అతన్ని పంపారు. ఉట్నూరు దాటాక ఘాటు రోడ్డు మీద ఇంజన్ పట్టేసింది. లోపల ఆయిల్ చుక్క లేదు. లారీ ఎక్కిపోయి ఆయిల్ తెచ్చుకునేసరికి ఐసు కరిగి టీకామందు చెడిపోయింది. తర్వాత గుట్ట కింది గూడెంలో దుక్కిటెద్దులు గొంతులు వాచి, వరసగా కూలిపోయాయని కబురొచ్చింది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు.

"ఆయిల్ డబ్బా ఎంబడి తీస్కపోరాదు?" అంది దేవకి.

"ఏ మలుపు కాడ ఖాళీ అయితదో తెలుస్తలేదు. ఈసారి ఇంజన్ పట్టేస్తే ఇగ లేవది. కొత్త మందు వచ్చేలోపల సంగతి తేల్చాలె."

బస్టాండు దగ్గర జబ్బార్ షెడ్డు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో చదివారు. బండి కింద అట్టముక్క పరిచి చూశారు, మరక పడలేదు. సైలెన్సర్ వెనుక తెల్లగుడ్డ పట్టారు, నీలిపొగ రాలేదు. ప్లగ్గు విప్పితే ఇటుక రంగులో పొడిగా ఉంది. ఇంజన్ గాలి వదిలే గొట్టానికి గుడ్డ కట్టారు, అది తడవలేదు. చైను కేసులోకి దిగుతున్నదేమోనని అదీ విప్పారు. అందులో ఉండాల్సినంతే ఉంది. చివరికి హెడ్డు దింపి, పిస్టన్ రింగులూ వాల్వు గైడ్లూ కొత్తవి వేసి, పాత ఆయిల్ పారబోసి కొత్తది పోశారు. అతను చొప్పదండి దాకా పోయి వచ్చేసరికి మళ్లీ తగ్గింది.

"వదిలెయ్ సార్. ముసలి ఇంజన్" అన్నాడు జబ్బార్.

"ముసలిదైతే ఆయిల్ కాలాలె, లేకుంటే కారాలె. రెండూ లేవు. దీంట్లకెంచి పోయిందంటే ఎక్కడ్నో ఒకకాడ ఉండాలె గద జబ్బార్ భాయ్. ఈడ్నే నిలబెట్టి తోలుదాం."

మర్నాడు ఎదురుగా ఫ్యాను పెట్టి, పొద్దుట్నుంచి ఆపుకుంటూ నడుపుకుంటూ ఇంజన్ తిప్పారు. మధ్యాహ్నం పుల్ల తీసి చూస్తే పొద్దున ఎంతుందో అంతే ఉంది.

అప్పుడు జానకీబాయి కొడుక్కు అన్నం డబ్బా పట్టుకొని షెడ్డులోకి వచ్చింది. సిమెంటు నేల మీద ఆమె అడుగులు తేనెరంగులో మెరిశాయి. జబ్బార్ కిందికి వంగి, వేలికి అంటించుకొని నలిపి, వాసన చూశాడు.

"సార్, గిది మనం మొన్న పోసిన ఆయిలే. ఇంక నల్లబడలే."

శ్యాంసుందర్‌రావు ఆ అడుగులను, తల్లి పాదాలను చూశాడు.

"జైనూర్ తొవ్వల సుక్క మిగలలే. చొప్పదండి పోతే కొంత తగ్గింది. ఈడ ఏం తగ్గలే. దూరమే కారణం భాయ్. అవ్వ మోకాళ్లకు కావల్సింది సుక్కనే. నేను ఎంత దూరం పోతే, గా సుక్క అవ్వను చేరెతందుకు అంత ఆయిల్ తొవ్వలనే ఖర్చయితున్నది."

"గట్లయితే బండి దూరం తోలొద్దు సార్. దీన్ని ఆపుడు నాతోని కాదు."

"రాత్రికి మందొస్తది. పోకుంటే ఎట్ల?"

"ఏందిరా, ఇద్దరు నా కాళ్లే చూస్తున్రు?" అంది జానకీబాయి. సంగతి చెప్పారు. ఆమె డబ్బా కింద పెట్టింది. "గంతేనా! నన్ను ఎనక ఎక్కించుకో."

"ఘాటు తొవ్వ అవ్వా. నడుము ఇరుగుతది."

"మంచంల పండుకున్నా ఇరిగింది. గా ఐసు డబ్బా నా ఒళ్ల పెట్టు, ఎండ తగలకుంట పట్టుకుంట."

మర్నాడు తెల్లారకముందే బయలుదేరారు. గోదావరి దాటాక ఆగి పుల్ల తీశాడు. నిండుగా ఉంది. ఉట్నూరులో నిండుగా ఉంది. ఘాటు మీద, ముందు ఇంజన్ పట్టేసిన మలుపులోనూ అంతే ఉంది. ఒడిలో డబ్బా మీద తడిగుడ్డ సర్దుతూ, "ఊకె ఆపకురా, ఐసు కరుగుతది" అని తల్లి కసిరింది.

ఎద్దులు చచ్చిన ఆ గూడెం చేరేసరికి కొట్టాలన్నీ ఖాళీగా ఉన్నాయి. సూదికి దొరకకుండా పశువులను గుట్ట మీది అడవిలోకి తోలేశారు. ఒక ముసలామె గుమ్మంలో కూర్చుని, మీ మందు ఎద్దులు చచ్చినంకనే వస్తదని మరాఠీలో అని మొహం తిప్పుకుంది. జానకీబాయి పుట్టింది మరాఠీ మాట్లాడే సరిహద్దు ఊళ్లో. ఆమె వెళ్లి ముసలామె పక్కన నేల మీద కూర్చుంది. మా వాడు ఆలస్యం చేసిన మాట నిజమేనని మరాఠీలోనే ఒప్పుకుంది. పోయిన ఎద్దుల పేర్లేమిటని అడిగింది. ముసలామె ఒక్కొక్క పేరే చెప్పింది. ప్రతి పేరునూ జానకీబాయి నెమ్మదిగా తిరిగి పలికింది. పేర్లు అయిపోయాక ఇద్దరూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత లేచి గుట్ట మీదికి దారి పట్టారు.

"అవ్వా, నిట్టనిలువు గుట్ట!"

ఆమె వెనక్కి చూడలేదు. అతను స్టవ్వు ముట్టించి సూదులు మరిగించడానికి పెట్టాడు. చాలాసేపటికి పైనుంచి గంటలు వినిపించాయి. ఎద్దులు ఒకదాని వెనుక ఒకటి దిగి వస్తున్నాయి. అన్నిటికంటే ముందు, కొంగు నడుముకు బిగించి, ఒక కోడె పగ్గం పట్టుకొని జానకీబాయి నడుస్తున్నది.

"జర కూసో అవ్వా, నీళ్లు తాగు."

"ఇసొంటి గూడేలు ఇంకెన్ని ఉన్నయిరా?"

"చాన ఉన్నయి."

ఆమె కోడె మెడ నిమిరి, దాని తలను తన భుజానికి ఆనించి గట్టిగా పట్టుకుంది. "అయితే ఇగ సూది ఎయ్యి" అంది.