అత్తగారి కన్ను, అల్లుళ్ళ యంత్రాలు

లోకచక్షువై వెలిగెడి లోన బయట
కర్మసాక్షివై చూచెడి కమలమిత్ర!
చూపుగలవారి మదులలో చొచ్చి నిలిచి
మసక తొలగించి బ్రోవవే మమ్ము దేవ!

ఒకే ఇంటి అల్లుళ్ళు ఒకరినొకరు ఓర్వకపోవడం లోకంలో కొత్త కాదు. అయితే ఈ ఇద్దరి పగకు వేరు అత్తగారి మోకాళ్ళలో ఉన్నది.

పెళ్ళయిన కొత్తలో పెద్దల్లుడు ఒకనాడు చెప్పాపెట్టకుండా వచ్చాడు. అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకు కాలరు కుడుతున్నది. "రండి బాబూ, కూర్చోండి" అన్నదే గాని, మలుపు దగ్గర కుట్టు వదిలితే గుడ్డ ముడుచుకుపోతుందని లేవలేదు. అతడు కూర్చోలేదు. మామగారు వడ్డించి పెట్టిన కంచాన్ని వదిలి వెళ్ళిపోయి వీధి చివర సిమెంటు బల్ల మీద పొద్దువాలే దాకా కూర్చున్నాడు. మామగారు వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలితే, "నాకేం కోపం లేదండీ. మీ ఇంట్లో అల్లుడికంటే చొక్కా గొప్పదని తెలిసింది, అంతే" అన్నాడు.

ఆనాటి నుంచి అల్లుడు గడప దాటితే అత్తగారు లేచి నిలబడటం ఆ ఇంటి శాసనమైంది. రెండవ అల్లుడు వచ్చాక శాసనం రెట్టింపైంది. "ఆయనకు లేచి నాకు లేవకపోతే, నేనేమన్నా అద్దెకొచ్చానా?" అని అతడు భార్యను అడిగాడట. ఇద్దరూ కలిసి వచ్చిన రోజున అత్తగారు ఎవరిని చూసి లేచిందన్నది మరునాటి దాకా తగవు. మామగారు కాలం చేశారు, ఆమె మోకాళ్ళు అరిగాయి. మర్యాద మాత్రం అరగలేదు.

ఆమెకు ఎడమకన్ను ఏనాడో మసకబారింది. కుడికంటితోనే సూదిలో దారం ఎక్కించేది, గుడ్డ పోగును చూసి నాణ్యం చెప్పేది. ఒకనాటి ఉదయం ఆ కంటి ఎదుట నల్లని తెర జారింది. కంటి వెనక పొరకు చిల్లు పడిందని తేల్చి, వైద్యురాలు శస్త్రచికిత్స చేసి, పెద్దకూతురును పిలిచి చెప్పింది:

"కంట్లో గాలిబుడగ పెట్టామమ్మా. మీ అమ్మ ముఖం నేలవైపు ఉంచి పడుకుంటే ఆ బుడగ పైకి తేలి చిల్లును అదిమి పట్టుకుంటుంది. వారం రోజులు ఇంతే. భోజనానికీ బాత్రూముకీ తప్ప తల ఎత్తకూడదు. ఎత్తితే బుడగ పక్కకు పోతుంది, పొర అతుక్కోదు. అప్పుడిక ఈ కన్ను మీద నేను ఆశ చెప్పలేను."

ఆసుపత్రి గదిలో మంచానికి తలవైపు ముఖం పట్టేంత గుండ్రని రంధ్రం ఉంది. అందులో ముఖం ఆనించి బోర్లా పడుకుంటే కనబడేది కింద నేల మీది పలకలు. కంటికి కట్టు ఉన్నందున ఆమెకు అవీ కనబడవు. జీవితమంతా చేతులు ఆడించిన మనిషి, ఒక్క పూటకే కొట్టుమిట్టాడిపోయింది. వేళ్ళు దుప్పటి అంచును పట్టి కుట్టు మడుస్తున్నట్టు మడిచేవి. నడవాలో చప్పుడైతే తల లేచేది.

"వినడానికేదైనా ఉంటే పడుకుంటానే. పురాణం చెప్పేవాళ్ళది ఏదన్నా పెట్టు" అన్నది కూతురుతో.

ఫోను ఇంకా మాట్లాడుకోవడానికే పనికివచ్చే రోజులవి. పెద్దకూతురు తన భర్తకు చెప్పింది. చెల్లెలికీ ఫోన్ చేసి చెప్పింది. అక్కడే పొరబడింది.

పెద్దల్లుడు కళాశాలలో కంప్యూటర్లు నేర్పేవాడు. అతడు భుజాన సంచీతో, సంచీలో ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. చిన్నల్లుడు సభలకు మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చేవాడు. అతడి జేబులో అగ్గిపెట్టెంత పాటల ప్లేయరు, మెడలో ఇయర్‌ఫోన్లు. తలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడి, ముందు ఎవరు వెళ్ళాలో తేలక, భుజాలు రాసుకుంటూ కలిసే దూరారు.

చెప్పుల చప్పుడు గుర్తుపట్టి అత్తగారు మోచేతుల మీద లేచింది.

"అమ్మా, తల దించు!" అని అరిచింది కూతురు.

"అల్లుళ్ళొచ్చారే," అంటూనే ఆమె మళ్ళీ రంధ్రంలో ముఖం పెట్టింది.

పెద్దల్లుడు స్టూలు లాగి మంచం కింద, ఆమె ముఖానికి సూటిగా, ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాడు. "ఇందులో ఎన్ని ప్రవచనాలైనా పడతాయి అత్తయ్యా. పెద్ద తెర. బొమ్మ కూడా వస్తుంది."

"కంటికి కట్టున్నావిడకు బొమ్మ దేనికి అన్నయ్యగారూ? గుడ్డోడికి అద్దం చూపించినట్టు" అన్నాడు చిన్నల్లుడు.

"తమ్ముడూ, నీ అగ్గిపెట్టెలో ఏముంది? రెండు పాటలు, ఒక తుమ్ము."

"బరువైతే లేదు. మీది మోసుకొచ్చేసరికి మీకే చెమటలు పట్టాయి, చూసుకోండి."

అంతలో ల్యాప్‌టాప్ అడుగున పంకా తిరగడం మొదలుపెట్టింది. వేడిగాలి నేరుగా అత్తగారి ముఖానికి కొట్టింది. "ఎవరో పొయ్యి మీద పెట్టినట్టుంది బాబూ" అన్నది ఆమె మెల్లగా. చిన్నల్లుడు పకపక నవ్వి ఇయర్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించి ప్లేయరు చేతిలో పెట్టాడు. మీటలు ఆవగింజలంత ఉన్నాయి. ఆమె ఒకటి నొక్కితే పురాణం ఆగి ఏదో పెళ్ళి ఊరేగింపు బాజా మోగింది. ఉలిక్కిపడి తల ఎత్తింది.

ఈసారి పెద్దల్లుడు నవ్వాడు.

నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పంపింది. "మీకు దణ్ణం పెడతాను, ఆవిడ తల ఎత్తకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నది. దణ్ణం మాత్రం పెట్టలేదు.

మరునాడు వాళ్ళు రాకపోతే కథే లేకపోయేది. పెద్దల్లుడు ల్యాప్‌టాప్‌ను దూరంగా పెట్టి, వేడి తగలకుండా తీగతో స్పీకరు తగిలించుకుని వచ్చాడు. చిన్నల్లుడు ప్లేయరుకు తన దుకాణంలోని చిన్న స్పీకరు జతచేసి తెచ్చాడు. మంచానికి చెరో పక్కన పెట్టి, ఒకే ప్రవచనాన్ని ఒకేసారి మోగించారు. ఒకటి అర వాక్యం వెనకబడింది. కుడిచెవిలో దేవుడు వరమిస్తుంటే ఎడమచెవిలో భక్తుడు ఇంకా అడుగుతున్నాడు.

"గొంతు ఎక్కడ తేటగా ఉంది? మీరే చెప్పండి అత్తయ్యా," అన్నాడు పెద్దవాడు.

"మొహమాటపడకండి అత్తయ్యా. ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నాడు చిన్నవాడు.

అల్లుళ్ళు అడిగినప్పుడు నేలకేసి చూస్తూ జవాబివ్వడం ఆ ఇంటి అలవాటు కాదు. ఆమె లేచి కూర్చున్నది. కట్టుకట్టిన ముఖం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, "రెండూ బాగున్నాయి బాబూ," అన్నది.

అదే క్షణాన వైద్యురాలు లోపలికి వచ్చింది. కట్టు విప్పి, దీపం వేసి, చాలాసేపు చూసింది. తిరిగి కట్టేశాక పెద్దకూతురును నడవాలోకి పిలిచింది. "ఒక అంచు ఇంకా లేచే ఉంది. ఇవాళ్టి నుంచైనా కదలకపోతే అతుక్కోవచ్చు. ఇంకొక రోజు ఇలా గడిస్తే నన్నడగకండి."

ఆ తరువాత నడవాలో జరిగినది మాటల యుద్ధం.

"ఏమండీ, రేపట్నుంచి మీరు రావద్దు. మరిదిగారూ, మీరూ రావద్దు" అన్నది పెద్దకూతురు. "మీ డబ్బాలు తీసుకుపోండి. మా అమ్మ కన్ను మీ పందేనికి పెట్టలేదు."

"నేనేం చేశాను?" అన్నాడు భర్త. "నేను లేవమన్నానా? ఆవిడ మర్యాద కొద్దీ ఆవిడ లేస్తోంది."

"లేవకపోతే కంచం వదిలి వీధిలో కూర్చున్నదెవరు?" అన్నాడు చిన్నల్లుడు. "ఊరంతా చూసింది గదా, కుక్కలతో సహా."

"నోరు జాగ్రత్త. నన్ను చూసి వాత పెట్టుకున్నవాడివి నువ్వు. నాకెంత లేచిందో, నీకెంత లేచిందో జానతో కొలిచింది నువ్వు కాదూ?"

"కొలవక? మీకు పూర్తిగా నిలబడేది, నాకు సగమే లేచేది!"

"వదినా" అని ఆమెవైపు తిరిగి చిన్నల్లుడు గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. ఇకమీదట నేనొస్తే లేవక్కర్లేదని నేనే చెప్పేస్తాను. ఒట్టు. ఇప్పుడే చెబుతా."

పెద్దల్లుడి ముఖం మాడింది. ఆ ఆచారం తనతో పుట్టింది. దానికి సెలవిచ్చే గౌరవం తోడల్లుడికి పోవడమా? "పెద్దవాణ్ణి నేనుండగా నువ్వెవరివి చెప్పడానికి? నేను చెబుతా" అంటూ గది వైపు అడుగు వేశాడు. చిన్నవాడు అంతకంటే పెద్ద అడుగు వేశాడు. లేవద్దని ముందుగా ఎవరు చెప్పాలన్న పంతంతో ఇద్దరూ నడవాలో పరుగెత్తారు. పెద్దకూతురు "అయ్యో, ఆగండి!" అంటూ వెనక పడింది.

తలుపు దబ్బున తెరుచుకుంది. అత్తగారి భుజాలు బిగిశాయి. మోచేతులు పరుపుకు ఆనాయి. మెడ వెనక నరాలు తేలాయి. పెద్దకూతురు కళ్ళు మూసుకున్నది.

మోచేతులు మళ్ళీ పక్కలకు జారాయి.

"అక్కడే ఆగండి. నేను లేవను" అన్నది అత్తగారు నేలతో.

ఆ ఇంటి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఆమె గొంతులో ఎవరూ వినని స్వరమది. ఇద్దరూ ఆగారు.

"లేవొద్దని చెప్పడానికే వచ్చాను అత్తయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

"నేను కూడా అదే—" అన్నాడు చిన్నల్లుడు.

"మీరు సెలవిస్తే పడుకోవాలా నేను? ఇది నా మెడ. దీనికి నేనే చెప్పుకుంటాను." ముఖాన్ని రంధ్రంలో సర్దుకున్నది. "ఏది బాగుందో చెప్పమన్నారుగా? ఉన్నదున్నట్టు చెప్పమన్నారుగా? వినండి. పెద్దబాబూ, మీ యంత్రం బరువు. ఎవరో ఒకరు మోయాలి. మూత తీశాక మేలుకోవడానికి ఒక పూట, నోరు విప్పడానికి ఇంకో పూట. ఈలోగా ఎదుటివాళ్ళ మొహాన వేడి కొడుతుంది. తీగ పీకితే చూస్తుండగానే నీరసపడుతుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు దానికి సేవ చేస్తుండాలి."

చిన్నల్లుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వకండి చిన్నబాబూ, వినబడుతోంది. మీది గుప్పెట్లో ఇముడుతుంది, నిజమే. గుప్పెడంత దానికి చెవిలో దూరి అంత రొద దేనికి? ఒకటి నొక్కితే ఇంకొకటి కూస్తుంది. సంతోషమడిగితే ఊరేగింపు, నిద్రడిగితే బాజా. పనిపడినప్పుడు ఏ దిండు కింద దూరిందో కనబడదు." ఆమె వేళ్ళు దుప్పటి అంచును మడిచి వదిలాయి. "రెంటిలోనూ ఒకటే లోపం. ఆపే మీట ఎక్కడుందో ఇన్నేళ్ళూ నాకు దొరకలేదు."

గదిలో స్పీకర్లు రెండూ ఇంకా సన్నగా గొణుగుతూనే ఉన్నాయి. నర్సు వచ్చి, తీగ ఒకటి పీకి, మీట ఒకటి నొక్కి, రెండింటినీ తెచ్చి ఎవరిది వారి చేతిలో పెట్టింది.

"ఈ కన్ను పోతే మీ ఇద్దరి మొహాలూ చూడక్కర్లేదన్న ఒక్క లాభం ఉంది" అన్నది అత్తగారు. "ఆ లాభం నాకొద్దు. నాకు సూది కనబడాలి. ఇక వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళారు. మెట్ల దగ్గర పెద్దల్లుడు అన్నాడు: "ముసలావిడకు పొగరెక్కింది." చిన్నల్లుడు తల ఊపాడు. "మీరన్నది అక్షరాలా నిజం అన్నయ్యగారూ." ఆ ఇంటికి అల్లుళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయమది.

తరువాతి రోజుల్లో ఆ గదిలో ఏ యంత్రమూ మోగలేదు. పెద్దకూతురు మంచం కింద చాప పరచి, వెల్లకిలా పడుకుని, పైన రంధ్రంలోంచి కనబడే తల్లి ముఖాన్ని చూస్తూ వినేది. తల్లి చెప్పేది పురాణమే. కాకపోతే అల్లుళ్ళ పురాణం. ఏ పండుకు ఎవరు మూతి ముడిచారో, ఏ కుర్చీ కోసం ఎవరు ఎంతసేపు నిలబడ్డారో, గొంతులో దాచుకున్నదంతా ఒక్కొక్కటిగా నేలకు దించింది. కోపానికి తల ఎత్తే పని పడలేదు.

"అమ్మా, అందులో ఒకడు నా మొగుడే" అన్నది కూతురు ఒకసారి.

"తెలుసే. అందుకే సగం దాస్తున్నా. ఆ సగం మీ చెల్లెలొస్తే చెబుతా."

కట్టు విప్పిన రోజున వైద్యురాలు దీపం వేసి చూసి, "అతుక్కుంది" అన్నది.

చూపు వెంటనే రాలేదు. బుడగ కరిగేదాకా లోకం నీళ్ళలోంచి చూసినట్టు ఊగింది. ఆ తరువాత ఒకనాడు అల్లుళ్ళిద్దరూ, భార్యలు తరిమితే, పరామర్శకు వచ్చారు. అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని, కిటికీ వెలుగుకు సూదిని ఎత్తి పట్టుకుని, దారం కొసను నాలుకతో తడుపుతున్నది. చెప్పుల చప్పుడు గడప దాటింది.

ఆమె లేవలేదు. తల తిప్పలేదు. "కుర్చీలు అక్కడున్నాయి" అన్నది.

పెద్దల్లుడు చిన్నల్లుణ్ణి చూశాడు. చిన్నల్లుడు పెద్దల్లుణ్ణి చూశాడు. ముందు కూర్చున్నవాడు ఓడినట్టేనని ఇద్దరికీ తెలుసు. కాబట్టి ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆమె దారాన్ని బెజ్జంలోంచి లాగి, కొస ముడి వేసి, మిషను తిప్పడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో కూర్చున్నది ఆమె, నిలబడినది వాళ్ళు.

ఈ కథ విన్నవారి కన్నులు చల్లగా ఉండుగాక! సూదిబెజ్జమంత వెలుగైనా వారి చూపును దాటిపోకుండుగాక! వారి ఇళ్ళలోని పెద్దల మెడలను ఎవరి పంతమూ ఎత్తించకుండుగాక! లోకానికి కన్నయిన ఆ దేవుడు విన్నవారిని, వినిపించినవారిని సమంగా కాచుగాక!