జంగయ్య వదిలిన దిమ్మె

జంగయ్య దినాల రోజు పొద్దున కొడుకు శివ గడ్డపార తీసుకుని చేనుకు వెళ్లాడు. ఎక్కడికని భార్య అడిగితే, పొయ్యిలోకి కట్టెలు తెస్తానన్నాడు.

చేను బల్మూర్ అవతల ఉంది. దాని పైభాగంలో ఒక మెరక ఉండేది. వాన పడితే నీళ్లు దాని మీద నిలిచేవి కావు. తండ్రి చనిపోయాక శివ వెళ్లి చూస్తే ఆ మెరక లేదు. నేల చదునై ఉంది. మధ్యలో ఒక మట్టి దిమ్మె మాత్రం నిలబడి ఉంది. దిమ్మె పైన గడ్డి అలాగే ఉంది. గడ్డి పక్కన పసుపు, కుంకుమ.

నిధుల కోసం తవ్వే చోట పసుపు, కుంకుమ పడి ఉంటాయని ఆ వైపు అందరూ అనుకుంటారు. పక్క చేను శాంతయ్య కూడా అదే అన్నాడు.

"మీ నాయిన పొద్దు పొడవకముందే ఈడుంటుండె. నీకు తెల్వదా?"

"పొలం పని అనుకున్న."

"మీ బావ ట్రాలీ ఆటో గూడ వస్తుండె. పోయేటప్పుడు టైర్లు అణిగిపోతుండె. ఏం తీస్కపోయిండో నేనడగలే. అల్లుని సంగతి నాకేంది?"

బావ ప్రభుదాసుది అమరచింత. శివ అక్క రెబెకా భర్త. ఈమధ్యే ఆటోకు కొత్త టైర్లు వేయించాడు. శివ నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు. తండ్రి తనకు చెప్పకుండా అల్లుడికి చెప్పింది ఏమిటని దినాల దాకా ఆలోచించాడు. తల్లిని అడగలేదు. ఆమెకూ అందులో చెయ్యి ఉందేమోననుకున్నాడు.

ఆ పొద్దున దిమ్మెను పైనుంచి కిందిదాకా పడగొట్టాడు. మట్టి వచ్చింది. అడుగున ఇంకా తవ్వాడు. మొరం వచ్చింది. అప్పటికే తీసుకుపోయి ఉంటారని నిర్ణయించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి టెంటు కింద జనం కూర్చున్నారు. జంగయ్య గురించి చెప్పుకుంటున్నారు. పిల్లల్ని హాస్టళ్లలో వేసి, భార్య బాలమ్మతో కలిసి ఊళ్లు తిరిగి కాలువలు తవ్వాడని, ముసలితనంలో ఊరికి వచ్చి మనవరాలు వర్షను రోజూ బస్సు దాకా దిగబెట్టేవాడని, బస్సు కనబడకుండా పోయేదాకా కదిలేవాడు కాదని ఒకరంటే, కూతురి బిడ్డ సుప్రియకు జ్వరమొస్తే అమరచింత వెళ్లి దవాఖాన మెట్ల మీదే పడుకున్నాడని ఇంకొకరన్నారు.

ప్రభుదాసు టెంటు తాడు బిగిస్తున్నాడు.

"బావా, నాయిన తవ్విన దాంట్ల ఏం దొర్కింది?" అన్నాడు శివ.

"రాళ్లు."

"రాళ్లేనా?"

"ఆ. జర పెద్దయి గూడ."

"ఆ రాళ్లకే ఆటోకు కొత్త టైర్లు వచ్చినయా?"

వడ్డిస్తున్న రెబెకా గరిటె కింద పెట్టింది.

"సుప్రియా, సంచి తే. పోదం."

"అన్నం తినకుండనా?" అన్నారెవరో.

"దొంగలకు అన్నమెందుకు?" అని రెబెకా వెళ్లి ఆటోలో కూర్చుంది.

బాలమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ల నొప్పితో ఆమె చేను మొహం చూసి ఏడాది దాటింది. కొడుకు చేతుల మట్టి చూసింది.

"ఏం తవ్వినవ్‌రా?"

"దిమ్మె."

ఆమె మళ్లీ కూర్చుంది.

"మట్టిపనికి పోయిన కాడ మేం దిమ్మె ఇడిశిపెడ్తం. పాత నేల ఎంతెత్తుండెనో మేస్త్రి దాన్ని చూసి కొలుస్తడు. అది లేకుంటే పని చేసినట్టే గాదు. పని మొదలువెట్టే నాడు దానికే బొట్టు పెడ్తం. ఈడ మేస్త్రి లేడు. అయినా ఇడిశిండు."

"మెరక ఎందుకు కొట్టిండు?"

"పైభాగం అక్కకు, కిందిది నీకు. నీళ్లు ఆగని భాగం బిడ్డకెట్లిస్తనన్నడు. అయినంక ఇద్దర్నీ పిలిచి చెప్దమన్నడు. అయింది. ఆయనే లేడు. రాళ్లన్నీ ఆటోల నీ భాగం గట్టుకే పోయించిండు. గట్టు చూడలేదా?"

"నాకు చెప్పకపోతివి."

"నువ్వడిగితివా? తిన్నంక నన్ను ఆటోల తీస్కపొమ్మని అల్లునికి చెప్పిన. ఎంత తీసిండో చూద్దమని. ఎంతెత్తుండె?"

శివ కింద ఏముందోనని చూశాడు కానీ ఎత్తు చూడలేదు.

గడ్డపార పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్లాడు. ప్రభుదాసు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"బావా, నాయిన దిమ్మె ఎంతెత్తుండె?"

"నువ్వేగా చూసొచ్చినవ్."

"కొట్టేసిన."

ప్రభుదాసు గడ్డపార వైపు చూశాడు.

"నేను చెప్తే నమ్ముతవా?"

"చెప్పు."

ప్రభుదాసు దిగి, అరచేయి ఛాతీకి ఆనించి నిలబడ్డాడు. శివ అతని పక్కన గడ్డపార నిలబెట్టి, ఆ ఎత్తులో మట్టి చేత్తో గుర్తు పెట్టాడు. ఆ గుర్తును తల్లికి చూపించాడు. బాలమ్మ దాని మీద వేళ్లు పెట్టి చూసి, తల ఊపింది.

రెబెకా దిగలేదు. శివ అన్నం పెట్టిన విస్తరి తెచ్చి ఆటో దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఆమె చెయ్యి చాపి తీసుకుంది, అతని వైపు చూడకుండా.