అలాంటి మనిషి లేదు

సెవ్దా ఆ సంగతిని పెద్దవాళ్ళ చదువు క్లాసులో నవ్వుతూనే చెప్పింది.

రైలు కట్ట కింది దారిలో పోలీసు ఆపాడట. అది కొత్తేమీ కాదు. కట్ట అవతలున్న వాళ్ళ పేట నుంచి ఊళ్ళోకి వెళ్ళడానికి ఉన్నది ఆ ఒక్క దారే. శీతాకాలం మొదలైనప్పటి నుంచి అక్కడ ఇద్దరు పోలీసులు నిలబడి, వచ్చేపోయే పేటవాళ్ళందరినీ గుర్తింపు కార్డు అడుగుతున్నారు. సెవ్దా తన కార్డు తీసి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆమె చూపు అతని చొక్కా మీదున్న పేరు పట్టీ మీద పడింది. అందులోని ఆఖరి అక్షరాన్ని మాస్టారు అంతకుముందు వారమే నేర్పించారు.

"గెన్... చెవ్" అని పైకే చదివేసింది. అరవై మూడేళ్ళ వయసులో, ఎవరూ పక్కన లేకుండా తనంతట తాను చదివిన మొదటి మాట అది. సంతోషం పట్టలేక మళ్ళీ చదివింది. "గెన్చెవ్."

"నా పేరుతో నీకేం పనే? కంప్లైంటు పెడతావా?" అంటూ అతను ఆమెను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. సంచీ బోర్లించాడు. ఉల్లిపాయలు దారంతా దొర్లాయి. పైన ఒక రైలు పోయి ఇంకో రైలు వచ్చేదాకా ఆమెను అలాగే ఉంచాడు.

"కంప్లైంటు కాదు బాబూ, నాకు చదువొచ్చింది, అంతే అంటే వినడేం" అని సెవ్దా చేతులు తిప్పుతూ చెబుతుంటే క్లాసు పడీపడీ నవ్వింది. ఆమె బెంచీలోనే కూర్చునే రుమ్యానా, "ఈసారి వాడి బూట్ల మీదున్న పేరు చదువక్కా, కోపం రాదు" అంది.

ల్యూబెన్ మాస్టారు నవ్వలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి 'గెన్చెవ్' అని రాశారు. ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉంది. బోర్డు మీద ఎవరు ఏం రాసినా అందరూ కలిసి పైకి చదవాలి. అందరూ చదివారు. సెవ్దా గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది.

ఒక్క సంగతి మాత్రం ఆమె క్లాసులో చెప్పలేదు. తాను గోడవైపు తిరిగి నిలబడి ఉన్నప్పుడు, పేటవైపున్న సమాధుల మీద పెట్టడానికి పూలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు వెనకనుంచి వెళ్ళారు. వాళ్ళ గొంతులు ఆమెకు తెలుసు. లిండెన్ వీధిలో ఆమె మెట్లు కడిగే మేడలోవాళ్ళే. వాళ్ళలో ఒకామె "పాపం" అంది.

ఆ మేడలో మెట్లు కడగడం అయ్యాక, బకెట్టు బోర్లించి, కింది మెట్టు మీద కూర్చుని సెవ్దా ఫోను తీసేది. దొరికిందల్లా చదవండి, సీసా మీది కాగితమైనా సరే అని మాస్టారే చెప్పారు. సీసాలయ్యాక ఆమెకు ఫోనులో ఊరివాళ్ళంతా రాసుకునే ఫోరం దొరికింది. అందులో చదవడానికి అంతు ఉండేది కాదు. వీధికుక్కలు, వేడినీళ్ళ బిల్లులు, ఎవరి కిటికీ కింద ఎవరు కారు పెట్టారు, మేయరు బావమరిదికి ఏ కాంట్రాక్టు దక్కింది. మొదట్లో ఒక్కొక్క మాటను వేలితో నొక్కిపట్టి చదివేది. తర్వాత వేలు అక్కర్లేకపోయింది. తర్వాత తనకూ ఏదో ఒకటి రాయాలనిపించింది.

చేరాలంటే పేరు పెట్టమంది. తన పేరు చూస్తే ఏ పేటదో ఊళ్ళో ఎవరికైనా తెలిసిపోతుంది. కూర్చున్న చోటుని ఒకసారి చూసుకుని, 'లిండెన్ వీధి బామ్మ' అని పెట్టింది. మొహం ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు పెట్టింది.

ఎండిన రొట్టె మీద నీళ్ళు చల్లి పొయ్యిలో పెడితే మళ్ళీ మెత్తబడుతుందని మొదటిసారి రాసింది. 'ఎర్ర జెరేనియం' అని పువ్వు పేరు పెట్టుకున్నామె, "మీ చేతులు చల్లగుండాలి, బామ్మగారూ" అని జవాబిచ్చింది. సెవ్దా ఆ చివరి మాటను చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఊళ్ళో మాస్టారు తప్ప ఆమెను గారూ అన్నవాళ్ళు లేరు.

అప్పుడే కట్ట కింది దారి మీద చర్చ లేచింది. అక్కడ మనుషుల మొహాలు గుర్తుపట్టే కెమెరాలు పెట్టాలని, పోలీసు కాపలాను ఎప్పటికీ ఉంచెయ్యాలని మున్సిపాలిటీ ఆలోచన. ఫోరం రెండుగా చీలిపోయింది. తప్పు చెయ్యనివాడికి మొహం చూపిస్తే ఏం పోయిందని కొందరు రాశారు. ఇవాళ పేటవాళ్ళ మొహాలు, రేపు మీ మొహాలు అని ఇంకొందరు. చట్టాల నంబర్లు, వేరే దేశాల కోర్టు తీర్పులు, మధ్యలో ఒకరి తల్లిని ఒకరు తిట్టుకోవడాలు.

సెవ్దా తనకు తెలిసింది రాసింది. ఎండాకాలంలో కుర్రాళ్ళు లైట్లు ఆర్పేసి ఆ దారిలో మోటారుసైకిళ్ళు తోలుతుంటారని, ఒక చిన్నపిల్ల కాలు విరిగిందని, కెమెరా ఉంటే వాళ్ళు దొరికేవాళ్ళని. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పిల్ల తన పక్కింటి పిల్లేనని మాత్రం రాయలేదు. ఫోరం నడిపే అడ్మిన్ ఆ మాటల్ని అన్నిటికంటే పైన కనిపించేలా పెట్టాడు. చదువుకున్నవాళ్ళు పది పేజీల్లో చెప్పలేనిది మన బామ్మగారు నాలుగు ముక్కల్లో చెప్పారని ఎర్ర జెరేనియం మెచ్చుకుంది.

ఒకరు మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ ఆయన పేరు 'తెల్లకొంగ'. "బామ్మగారూ, మోటారుసైకిలు పట్టుకోవడానికి, నడిచివెళ్ళేవాళ్ళ మొహాలు దేనికి?" అని మర్యాదగానే అడిగారు. జవాబు తోచనప్పుడు అక్కడివాళ్ళు ఏమంటారో సెవ్దా చూసే ఉంది కాబట్టి, "మీకు పిల్లలున్నారా అసలు?" అని రాసింది. లైకుల మీద లైకులు పడ్డాయి. ఆ రోజు బకెట్టు కూడా తేలిగ్గా ఉన్నట్టనిపించింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే, తెల్లకొంగ ఒక కథలాంటిది రాశారు. పేటలో ఒక పెద్దావిడ. అరవై దాటాక అక్షరాలు నేర్చుకుంది. పోలీసు పేరు పట్టీని చదివిన సంతోషంలో పైకి అనేసింది. అందుకు ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టారు. సంచీ బోర్లించారు, ఉల్లిపాయలు దొర్లాయి. "ఆమె మాకది నవ్వుతూ చెప్పింది. ఇంతవరకు నాకు నవ్వు రాలేదు. మీరు అడుగుతున్న భద్రత ఎవరి నుంచి?" అని ముగించారు.

ఉల్లిపాయల దగ్గరే సెవ్దాకు అది ఎవరో అర్థమైంది. ఇన్నాళ్ళూ తాను వాదిస్తున్నది మాస్టారితో. మాస్టారు చెబుతున్నది తన గురించి. కింద అప్పటికే ఎర్ర జెరేనియం ఒక మాట పెట్టింది. "పాపం. అయినా ఆ వయసులో ఆమెకు చదువెందుకో."

గోడ చల్లదనం మళ్ళీ సెవ్దా నుదుటికి తగిలినట్టయింది. ఇక్కడ ఇన్నాళ్ళూ తనను ఎవరూ పాపం అనలేదు, ఇక్కడ తాను బామ్మగారు. ఆలోచించకుండా రాసింది.

"అలాంటి మనిషి లేదు. పేటలో ఏ ముసలిది పలక పట్టిందో పేరు చెప్పండి చూద్దాం. ఉల్లిపాయలతో సహా అంతా కల్పితం. మన కళ్ళల్లో నీళ్ళు తెప్పించి పని జరిపించుకోవాలని చూస్తున్నారు."

అంతకుముందు ఆమె ఏం రాసినా రానన్ని లైకులు దానికి వచ్చాయి. పేరు చెప్పు, పేరు చెప్పు అని అందరూ తెల్లకొంగను పట్టుకున్నారు. పేరైనా చెప్పాలి, అబద్ధమని ఒప్పుకోనైనా ఒప్పుకోవాలి, లేకపోతే ఫోరంలోంచి తీసేస్తానని అడ్మిన్ రాశాడు. మాస్టారు ఒక్కటే జవాబిచ్చారు. "ఆమెను అడగకుండా ఇంత రాయడమే నా తప్పు. పేరు చెప్పను." ఆయన్ను తీసేశారు.

పేటవాళ్ళకు చదువు చెప్పేది ఊళ్ళో ఒక్కరే కాబట్టి తెల్లకొంగ ఎవరో తెలుసుకోవడం ఎవరికీ కష్టం కాలేదు. అంగట్లో కూరగాయల అతను, "మాస్టారూ, ఉల్లిపాయలు మామూలువి ఇమ్మంటారా, దొర్లేవి ఇమ్మంటారా?" అని అడిగాడట. ఆ మాట ఊరంతా తిరిగింది.

తర్వాతి క్లాసులో మాస్టారు మామూలుగానే పాఠం చెప్పారు. అయ్యాక సెవ్దా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"సెవ్దాగారూ, మీ సంగతి ఒకచోట రాశాను. మిమ్మల్ని అడగలేదు. మన్నించాలి."

సెవ్దా తల వంచుకుని సంచీ తాళ్ళు ముడివేస్తూ ఉండిపోయింది. గురువారం మున్సిపాలిటీ సభలో కెమెరాల గురించి తానూ మాట్లాడబోతున్నానని మాస్టారు చెప్పారు. అక్కడ మాత్రం ఆ సంగతి ఎత్తనని మాట ఇచ్చారు. మీరొచ్చి చెప్పండి అని అడగలేదు. అడుగుతారేమోనని ఆమె భయపడింది. అడగకపోయేసరికి భయం పోలేదు సరికదా, ఇంకెక్కడో గట్టిగా పట్టుకుంది.

దారిలో రుమ్యానా ఊరుకోలేదు. "నువ్వు లేవని రాసిందటక్కా ఆ లిండెన్ వీధి ముసలిది. నువ్వక్కడ మెట్లు కడుగుతావు కదా, ఎవత్తో కనుక్కో. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి నిన్ను చూపిస్తా."

మర్నాడు సెవ్దా మెట్లు కడగకముందే ఫోను తీసింది. "ఆ మనిషిని నేనే. నేను పేటదాన్ని. తెల్లకొంగ చెప్పింది నిజం" అని రాసింది.

బామ్మగారికి హాస్యం కూడా వచ్చని మొదటి జవాబు. ఆ తర్వాతివాళ్ళు నవ్వే బొమ్మలు పెట్టారు. ఎర్ర జెరేనియం ఒక్కతే కంగారుపడింది. "ఎవరో మీ ఖాతాలో దూరినట్టున్నారు, బామ్మగారూ. పాస్‌వర్డ్ మార్చుకోండి." సెవ్దా తాను అసలు మనిషినేనని ఇంకోసారి రాస్తుండగానే తెర మారిపోయింది. తెల్లకొంగ మనుషులు మీ పేరుతో రాస్తున్నట్టు అనుమానంగా ఉందని, మీ భద్రత కోసమే మీ ఖాతాకు తాళం వేశానని అడ్మిన్ తెలియజేశాడు. తాజాగా రాసినవి తీసేశాడు. మోటారుసైకిళ్ళ గురించి రాసిందీ, అలాంటి మనిషి లేదన్నదీ మాత్రం అలాగే ఉన్నాయి.

గురువారం సభకు సెవ్దా వెళ్ళింది. రుమ్యానాతో కలిసి ఆఖరి వరసలో కూర్చుంది. మాస్టారు ఇస్త్రీ చేసిన పాత కోటు వేసుకొచ్చారు. ఆయన లేచి నాలుగు మాటలు మాట్లాడగానే ముందు వరసలోంచి ఎవరో అందుకున్నారు.

"ఆ అవ్వ రాలేదా మాస్టారూ? ఉల్లిపాయలు ఏరుకుంటోందా?"

హాలంతా నవ్వింది. రెండు వరసల అవతల నవ్విన గొంతును సెవ్దా గుర్తుపట్టింది. ఆ రోజు పాపం అన్న గొంతే అది. లేచి నిలబడాలి, ఒక్క మాట చాలు. రుమ్యానా పక్కనుంచి మోచేత్తో పొడిచింది. "లే అక్కా. ఇదిగో ఉన్నానని చెప్పు." సెవ్దా లేవలేదు. లేస్తే ఒక్క మాటతో అయిపోదు, అలాంటి మనిషి లేదని రాసిందీ తానేనని చెప్పాలి. అది చెప్పేటప్పుడు మాస్టారు తనవైపు తిరిగి చూస్తారు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత లేచిన కౌన్సిలరు, లిండెన్ వీధిలో ఉండే ఒక పెద్దావిడ రాసిన మాటలంటూ మోటారుసైకిళ్ళ సంగతి చదివి వినిపించాడు. ఓటుకు చేతులు లేచాయి. కెమెరాలు ఖాయమయ్యాయి.

తర్వాతి క్లాసుకు వచ్చేటప్పుడు కట్ట కింద మనుషులు నిచ్చెనలు వేసి తీగలు బిగిస్తున్నారు. గెన్చెవ్ కార్డు చూసి వెనక్కిచ్చాడు. సెవ్దా అతని ఛాతీ వైపు చూడలేదు.

క్లాసు మొదలుకాక ముందే ఆమె సుద్దముక్క అడిగి తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. 'లిండెన్ వీధి బామ్మ' అని రాసింది. అలవాటు కొద్దీ అందరూ చదవడం మొదలుపెట్టారు. రెండో మాటకు కొన్ని గొంతులు ఆగిపోయాయి. మూడోది రుమ్యానా ఒక్కతే చదివింది.

"అది రాసిందెవరో తెలిసిందా అక్కా?"

"నేనే."

"బోర్డు మీద కాదక్కా."

"అక్కడా నేనే."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ పిల్ల కాలు విరిగింది నిజమేనా?"

"నిజమే మాస్టారూ. ఇంకా కుంటుతోంది."

"అది కూడా నేను అడగలేదు" అన్నారాయన. "ఆ పేరు కింద మీ పేరు రాయండి" అన్నారు.

సెవ్దా రాసింది. అక్షరాలు కిందికి వాలిపోయాయి. మాస్టారు అందరివైపు తిరిగి చెయ్యి ఎత్తారు. ఎవరూ నోరు తెరవలేదు. ఆయన ఎత్తిన చెయ్యి దించకుండా రెండు పేర్లనూ తానొక్కరే పైకి చదివారు. ఆయనతోపాటు సెవ్దా పెదవులు కదిలాయిగానీ గొంతు రాలేదు.

తిరిగి బెంచీ దగ్గరికి వచ్చేసరికి, రుమ్యానా తన సంచీని తీసి ఇద్దరికీ మధ్యలో పెట్టుకుని ఉంది.